ఆగిపోయిన బంతి

మా సైన్సు టీచరమ్మ పోయారు. గోల్‌బజార్‌లో నేను చేపలు కొంటుండగా ఆవిడ కోడలు ఫోన్ చేసి చెప్పింది. చేపలు తీసుకోకుండానే ఖాళీ సంచీతో వెనక్కి తిరిగాను.

ఖరగ్‌పూర్‌లో రైల్వే వాళ్ల పిల్లలకు ఆవిడ చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేసేవారు కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు, రెండు వస్తువులు గుద్దుకుని విడిపోతే వాటి గతిశక్తి మొత్తం ఎప్పుడూ మారదని చెప్పారు. నేను లేచాను.

"మరి కింద పడ్డ బంతి ఎగిరెగిరి ఆగిపోద్ది కదా టీచర్? ఆ శక్తి ఏటైపోద్ది?"

"బోర్డు మీదున్నది రాసుకో. ఎక్కువ తెలివితేటలొద్దు," అని కసిరారు. క్లాసంతా నవ్వింది. నా చెవులు మండిపోయాయి.

మర్నాడు ఆవిడ రబ్బరు బంతి, గోధుమపిండి ముద్ద, మేకు, సుత్తి, చిన్న రైలుపట్టా ముక్క తెచ్చారు. బంతి ఎగిరిన ప్రతిసారీ కాస్త తక్కువే ఎగిరింది. పిండిముద్ద ధబ్బున పడి చదునైపోయింది. మేకును ఆ పట్టా ముక్క మీద పెట్టి సుత్తితో పదేపదే గట్టిగా కొట్టి, నన్ను పిలిచి ముట్టుకోమన్నారు. వెచ్చగా ఉంది.

"నిన్న నేను తప్పు సెప్పినాను," అన్నారు అందరి ముందూ. "ఉక్కు గోళీలు గుద్దుకుంటే గతిశక్తి ఇంచుమించు అంతా మిగుల్తాది. మిగతావాటిలో కొంత వేడైపోద్ది, కొంత సప్పుడైపోద్ది, కొంత వస్తువు నొక్కుకుపోడానికి ఖర్చయిపోద్ది. మొత్తం శక్తి మాత్రం ఎక్కడికీ పోదు." తర్వాత నాకేసి తిరిగారు. "తెలీక సెప్పినాను, అది సిన్న తప్పు. అడిగిన పిల్లని కసిరినాను. దానికి సిగ్గుగా ఉందమ్మా."

ముందురోజు సిగ్గు దీని ముందు ఏపాటిది? అంత పెద్దావిడ నా ముందు తల దించుకుంటే ఎటు చూడాలో తెలియలేదు. నవ్విన వాళ్లంతా బల్లలకేసి చూస్తూ ఉండిపోయారు. ఇలా ఒప్పేసుకుంటే పిల్లలు లెక్కచెయ్యరని తోటి టీచర్లు ఆవిడను చీవాట్లు పెట్టారట. అయినా ఆ తర్వాత తెలియనిది అడిగితే, "తెలీదు, సూసి సెప్తాను," అనేవారు. చూసి చెప్పేవారు కూడా.

కిందటి నెల ఆవిడను చూడ్డానికి వాళ్లింటికి వెళ్లాను. పట్టు తప్పి ఆవిడ చేతిలోని టీ నా చీర మీద ఒలికింది. కొంగుతో ముఖం కప్పేసుకున్నారు.

"ఏటీ కాలేదండి టీచర్," అంటూ పక్కన కూర్చున్నాను.

అంతలో ఇంటి వెనకాల రైల్వే యార్డులో ఇంజను వచ్చి వ్యాగన్లకు తగిలింది. ఆ దెబ్బ ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు చప్పుడు చేసుకుంటూ దూరంగా వెళ్లింది. ఆవిడ మెల్లగా కొంగు దించి, ఆఖరి చప్పుడు అణిగేదాకా అటే చెవి పెట్టి కూర్చున్నారు.