కనీస లింకులు: రెండు

2022 వర్షాకాలం మొదట్లో నన్ను పంజాగుట్టలోని ఒక ఆసుపత్రి పనికి మార్పుల పర్యవేక్షకురాలిగా వేశారు. ఆసుపత్రుల నెట్‌వర్కులు చూసే చిన్న కంపెనీ మాది. ఏ మార్పు చేయాలన్నా ఇంజినీరు రాయాలి, పర్యవేక్షకురాలు చదివి అనుమతించాలి. అనుమతి లేకుండా తీగ కూడా కదపకూడదు.

ఆ ఆసుపత్రిలో తీసే స్కాన్ చిత్రాలు క్లౌడ్‌కు వెళ్తాయి. నిపుణులు ఎక్కడున్నా అక్కడి నుంచే చూసి అభిప్రాయం చెబుతారు. అందుకోసం క్లౌడ్ సంస్థ దాకా రెండు ప్రత్యేక లింకులు తీసుకున్నారు. అవి మామూలు ఇంటర్నెట్‌తో సంబంధం లేని, ఆ ఒక్క ఆసుపత్రికే కేటాయించిన దారులు. ఒకే వేగం ఉన్న ఆ రెండింటినీ ఒకే పరికరం దగ్గర కలిపి, ఒక్క దారిలా వాడుకునేలా కట్టగా చేస్తారు. మొదట ఆ కట్టను ఎవరో కంప్యూటర్ తెర మీద ఒక్కొక్కటీ నొక్కుతూ తయారుచేశారు. దాన్ని కోడ్‌లో రాయడం మా పని. కట్ట పేరు, వేగం, ఎక్కడ కలుస్తుంది, ఎన్ని లింకులు అనే వివరాలు ఒక ఫైలులో రాస్తే, యంత్రం ఆ ఫైలు చదివి నెట్‌వర్కును దానికి తగ్గట్టు సర్దుతుంది.

కోడ్ రాసింది రవి. భీమవరం నుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో ఉండేవాడు. తీగల పని సత్తయ్యది. ఆయనది బల్కంపేట.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఇద్దరు పిల్లలు పుట్టాక, వయోజన విద్యా కేంద్రంలో. తర్వాత డిప్లొమా దాకా చదివినా, పైకి చదివితే తప్ప నాకు బుర్రకెక్కదు. అందువల్ల మా బృందంలో ఒక పద్ధతి ఏర్పడింది. ఒకరు కోడ్‌ను ఒక్కో లైనూ పైకి చదవాలి. రెండోవారు ఆ లైనుకు తగ్గట్టు అసలు పరికరాల దగ్గర ఏముందో చెప్పాలి.

"మేడం మళ్లా ఎక్కాలు సదివిస్తున్నరు," అనేవాడు సత్తయ్య. "తప్పు సదివితే గోడకుర్చీ ఏపిస్తరేమో, జర పైలం రవి సారూ."

ఆ రోజు రవి చదువుతుంటే సత్తయ్య చెబుతున్నాడు. "కనీస లింకులు: రెండు" అనే లైను వచ్చింది. మొదట తెర మీద చేత్తో చేసినప్పుడు ఆ గడిని ఎవరూ నింపలేదు. రెండు ఎందుకని అడిగాను.

"రెండు తీసుకున్నాం కదా మేడమ్. రెండూ ఉండాలిగా," అన్నాడు రవి.

"ఉన్నయి సుత రెండే," అన్నాడు సత్తయ్య. అనుమతి ఇచ్చాను.

కోడ్ అమలయ్యాక ఒక లింకు తీసి పరీక్షించాలని నియమం. ఆసుపత్రి ఐటీ విభాగానికి చెప్పి, మర్నాడు మధ్యాహ్నం ఆ లింకులు కలిసే అమీర్‌పేట డేటా సెంటర్‌కు ముగ్గురం వెళ్లాం. సత్తయ్య ఒక తీగ లాగాడు. కట్ట మొత్తం పనిచేయడం ఆగిపోయింది.

"మేడం, ఒక్కటే పీకిన. రెండోది ముట్టనే లేదు."

"రెండోదాని దీపం వెలుగుతూనే ఉందండి. ఏంటిది?" అన్నాడు రవి.

అంతలో ఆసుపత్రి అత్యవసర విభాగం నుంచి డాక్టర్ శైలజ ఫోన్ చేశారు. ఖైరతాబాద్‌లో ఇడ్లీ బండి నడిపే ఒకాయనకు పక్షవాతం వచ్చింది. తల స్కాన్ తీశారు, చిత్రాలు వెళ్లడం లేదు. మెదడులో రక్తం గడ్డకట్టిందా, నాళం చిట్లిందా అన్నది నిపుణుడు చెప్పందే మందు ఇవ్వకూడదు. చిట్లినప్పుడు గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణానికే ముప్పు. బదులుగా పెట్టిన మామూలు ఇంటర్నెట్‌లో అంత పెద్ద చిత్రాలు కదలడం లేదు.

"ఆయన భార్య నా ఎదురుగానే నిలబడి ఉందండీ. ఎంతసేపని చెప్పమంటారు?" అన్నారావిడ.

తీగ పెట్టేయమన్నాను. పెట్టాక కూడా దారి తెరుచుకోవడానికి కొంతసేపు పట్టింది. చివరికి చిత్రాలు వెళ్లాయి. గడ్డే అని తేలాక మందు ఇచ్చారు.

కనీస లింకులు రెండు అని రాస్తే, ఒకటి తగ్గగానే కట్టనే ఆపేయమని అర్థం. ఒక్క లింకు మీద నెమ్మదిగా నడిచే కన్నా వేరే మంచి దారికి మళ్లడం మేలనుకున్న చోట అలా రాస్తారు. ఇక్కడ అంత మంచి దారి మరొకటి లేదు.

"ఒక ఎద్దు కుంటితే రెండోదాన్ని సుత ఇడిసిపెట్టినట్టయింది," అన్నాడు సత్తయ్య.

మర్నాడు పంజాగుట్ట వెళ్లి, లింకు ఒకటే మిగిలితే చిత్రాలు ఆలస్యంగా వస్తాయి, ఫర్వాలేదా అని డాక్టర్ శైలజను అడిగాను.

"ఆలస్యమైతే కాచుకుంటాం. అసలు రాకపోతే ఏం చేయాలండీ? ఈ మాట ముందే అడగాల్సింది," అన్నారు.

ఫైలులో ఆ రెండును ఒకటిగా మార్చాం. ఆ మనిషి బతికాడు. కుడిచేయి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. మందు ఇంకాస్త ముందు పడి ఉంటే వచ్చేదా అని అడిగితే, డాక్టర్లు చెప్పలేమన్నారు.

కంపెనీ నివేదికలో ఇంజినీరు పొరపాటు అని రాయబోయారు. నేను ఒప్పుకోలేదు. ముగ్గురం కూర్చుని చదివాం, ముగ్గురం ఉన్నదాన్నే చెప్పుకున్నాం. ఇది పోతే ఏమవుతుందని అడగడం మా పద్ధతిలోనే లేదు. ఆ ప్రశ్నను పద్ధతిలో చేర్చాం. రిటైరయ్యేదాకా అది అడగకుండా నేను ఏ ఫైలుకూ అనుమతి ఇవ్వలేదు.

కోడ్‌లో అలాంటి అంకె రాయడమంటే, ఎంత నష్టాన్ని ఎవరు ఓర్చుకోవాలో నిర్ణయించడం. ఓర్చుకోవాల్సిన వాళ్లను అడగకుండా ఆ అంకె రాయకూడదు.