ధనమ్మ అడిగిన పుస్తకం

టెక్కలి శాఖా గ్రంథాలయంలో కూర్మనాథం గారు గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఎదుటివాళ్ళని మాట్లాడనిచ్చిన సందర్భాలూ తక్కువే. సంతబజారు వెనక అద్దెకు తీసుకున్న రెండు గదుల పెంకుటిల్లే గ్రంథాలయం. ముందు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద నౌపడా స్టేషను నుంచి ఒక పూట ఆలస్యంగా వచ్చే పత్రికలు. వెనక గదిలో ఆరు బీరువాలు, పద్నాలుగు వందల పైచిలుకు పుస్తకాలు. తాలూకా కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తాగిరీ వస్తానంటే కాదని ఆయన ఈ తాళాల గుత్తి పుచ్చుకున్నారు. ఎందుకని భార్య జానకి అడిగితే, "కచేరీలో కాగితం రాసి పడేస్తారే, ఇక్కడ దాచిపెడతారు" అన్నారట.

దాచడం ఆయనకి బాగా వచ్చు. బీరువాల్లో నెలనెలా వేపాకు మార్చేవారు. పుట మూల మడిచినవాడి పేరు ఏడాదైనా మరిచేవారు కాదు. అన్నిటికీ మించి, పుస్తకం ఇచ్చే ముందు "చేతులు చూపించు" అనేవారు. ప్లీడరు గారి గుమాస్తా అయినా సరే, బడిపంతులైనా సరే, బల్ల మీద రెండు అరచేతులూ చాపాల్సిందే. పాతికేళ్ళ వాళ్ళు కూడా ఆయన ముందు ఒకటో తరగతి పిల్లల్లా నిలబడేవాళ్ళు. అది మర్యాదే అనుకునేవారు ఆయన. పుస్తకానికి చేసే మర్యాద.

పదిహేను రోజులకోసారి ఆ బీరువాల్లోంచి పాతిక పుస్తకాలు ఇనప్పెట్టెలో సర్దుకుని నౌపడాలో రైలెక్కేవి. పూండిలో దిగి, కావిడి మీద సముద్రం వైపు మూడు మైళ్ళు వెళ్ళి, ఉద్దానం తోటల్లో ఒక ఊరి బడికి చేరేవి. అక్కడి మేష్టారు ఢిల్లేశ్వరరావు ఆ పెట్టె అందుకుని, ఊళ్ళో వాళ్ళకి పంచి, తిరిగి పంపేవాడు. అతగాడు ఇరవై ఆరేళ్ళవాడు, చదువు పిచ్చి ఉన్నవాడు. 1957 మార్చిలో బడి వార్షికోత్సవానికి తనే ఒక నాటకం రాసి, "పుస్తకాలు పంపించే పెద్దలు మీరు, తప్పకుండా రావాలి" అని కూర్మనాథం గారికి ఉత్తరం రాశాడు. పదేళ్ళ ఉద్యోగంలో ఆయన్ని సభకి పిలవడం అదే మొదలు. ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్ళారు.

కొబ్బరి తోట నీడలో మధ్యాహ్నం మూడింటికే జనం కిక్కిరిసిపోయారు. నాటకంలో వీరుడి పేరు మేఘవజ్రుడు. ఆకాశంలో ఎగురుతాడు, బాణం తగిలినా చావడు. అతణ్ణి ఎగరేయడానికి రెండు కొబ్బరిచెట్ల మధ్య మోకు కట్టి, దానికి నూతి గిలక తగిలించారు. ఎర్ర దుప్పటి భుజాన కట్టుకుని వీరుడు జనం నెత్తి మీదుగా జర్రున జారి, సగం దూరంలో ఆగిపోయాడు. కింద నుంచి ఇద్దరు వెదురు గెడతో తోశాక గాని వేదిక మీదికి చేరలేదు. అయినా ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మెడలో బంతిపూల దండతో కూర్చున్న కూర్మనాథం గారూ కొట్టారు.

రెండో అంకంలో రాక్షసుడు ఊళ్ళు తగలబెడుతున్నాడు. వాడి ప్రాణం ఎక్కడుందో ఒక పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం గ్రంథాలయంలో ఉంది. తెర తీసేసరికి బల్ల వెనకాల ఒక ముసలాడు, కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టి, చంకలో గొడుగుతో కునుకుతున్నాడు. వాడికి పేరు లేదు. అందరూ 'పుస్తకాల పంతులు' అంటారు. ఆ వేషం కట్టినవాడు బంగారయ్య, జీడిమామిడి తోటలో పనిచేసే రైతు.

"పుస్తకం కావాలి! లోకం తగలబడిపోతన్నాది!" అన్నాడు మేఘవజ్రుడు.

"ష్!" అన్నాడు పంతులు, పెదవి మీద వేలు పెట్టి. "లోకాన్ని నెమ్మదిగా తగలబడమను. ముందు సేతులు సూపించు."

వీరుడు చేతులు చాపాడు. పంతులు కళ్ళజోడు ఎత్తి ఒక చెయ్యి చూశాడు, దించి ఇంకో చెయ్యి చూశాడు, ముక్కు చిట్లించాడు. "ఛీ ఛీ! కడుక్కుని రా."

తోటంతా గొల్లుమంది. ఆడవాళ్ళ వైపు నవ్వు మరీ ఆగలేదు. వీరుడు వెళ్ళి కడుక్కొచ్చాడు. "ఇంకా పోనేదు, మళ్ళీ కడుక్కో" అన్నాడు పంతులు. ఇంతలో రాక్షసుడు వచ్చాడు. పంతులు గొడుగుతో సహా బల్ల కింద దూరాడు. వీరుడు చెయ్యి చాపగానే కావలసిన పుస్తకమే చేతికి తగిలింది. అది పట్టుకుని ఎగిరిపోయాడు. తర్వాత మూడో అంకంలో గాని, నాలుగో అంకంలో గాని పంతులు ఏమయ్యాడో ఎవరూ అడగలేదు.

కూర్మనాథం గారు చివరి దాకా నవ్వు మొహంతోనే కూర్చున్నారు. చెవులు మాత్రం మండిపోతున్నాయి. దారం కట్టిన కళ్ళజోడు ఆయనదే, గొడుగూ ఆయనదే. వాటికేం, నవ్వుకోనీ అనుకున్నారు. కాని ఆడవాళ్ళు నవ్విన తీరు ఆయనకి లోపల ఎక్కడో ముల్లులా దిగింది. అది తమాషా చూసి నవ్విన నవ్వు కాదు. ఎరిగి నవ్విన నవ్వు.

నాటకం అయ్యాక ఢిల్లేశ్వరరావు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "నవ్వు కోసం పెట్టినానండి. తమరేటీ అనుకోవద్దు."

"బాగానే రాశావయ్యా. చేతుల సంగతి కూడా నీదేనా?"

మేష్టారు తల తిప్పి చూశాడు. పక్కనే మొహం రంగు కడుక్కుంటున్న బంగారయ్య తలెత్తాడు. "అది నాను సెప్పినదండి. మా ఇంట్లో మాట. రెండేళ్ళయింది. మా ఇంటిది ధనమ్మ టెక్కలి సంతకొచ్చి, మీ కాడికి పుస్తకం కోసం ఎల్లినాది. సేతులు సూపించమన్నారు. పలాసలో జీడి పిక్కలు కొడతాదండి. జీడి పాలు అంటితే తోలూడాల గాని నలుపు పోదు. నూతికాడ ఇసక పెట్టి తోముకొచ్చినా మీరు పోనేదన్నారు. ఇంక ఒచ్చీసినాది."

అతని గొంతులో కోపం లేదు. పొద్దున్న ఎండగా ఉందన్నట్టు చెప్పాడు. కూర్మనాథం గారికి ఆ మనిషి మొహం గుర్తు రాలేదు. చేతులు మాత్రం గుర్తొచ్చాయి. వేళ్ళ సందుల్లో బొగ్గు రాసినట్టు నలుపు, అరచేతుల్లో ఎర్రగా లేచిన తోలు. అది మురికి అనుకున్నారు ఆయన.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని సంగతంతా చెప్పారు. జానకి పులుసు వడ్డిస్తూ విన్నది. "నాటకంలో మీరు బల్ల కింద దూరారని బాధా?" అంది.

"అది కాదే. వాళ్ళు రాసింది అబద్ధమైతే బాగుండును."

"అయితే వెళ్ళి ఆవిణ్ణి చూడండి. ఇక్కడ అన్నం కెలికితే ఏం వస్తుంది?"

మర్నాడు ప్లీడరు గారి గుమాస్తా అలవాటు కొద్దీ బల్ల మీద చేతులు చాపాడు. కూర్మనాథం గారు ఆ చేతుల వైపు చూడకుండా పుస్తకం అందించారు. గుమాస్తా చాపిన చేతులు ఎప్పుడు తీయాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆ తడవ పుస్తకాల పెట్టెతో పాటు ఆయనా రైలెక్కారు. బంగారయ్య ఇంటి అరుగు మీద ధనమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. ముప్ఫై దాటిన మనిషి. ఆయన్ని చూసి లేవబోయింది.

"కూర్చో అమ్మా. నీకు సభ్యత్వం కాగితం తెచ్చాను. పూచీ సంతకం నేనే పెట్టాను."

"నాకెందుకు బావూ ఇప్పుడు? అప్పుడేదో బుద్ధి పుట్టి ఒచ్చినాను."

"ఏ పుస్తకం కోసం వచ్చావు?"

ధనమ్మ చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. ఆ ఊళ్ళో అంతకుముందు శేషగిరి అనే మేష్టారు ఉండేవాడు. పెద్దవాళ్ళకి రాత్రి బడి పెట్టి అక్షరాలు నేర్పాడు. పాఠం అయ్యాక రోజూ ఒక కథ కొంచెం కొంచెం చదివి వినిపించేవాడు. ఓడ మీద పోయిన మొగుణ్ణి వెతుక్కుంటూ ఒక పిల్ల మగవేషం వేసుకుని ఇంకో ఓడ ఎక్కుతుంది. నడిసముద్రంలో ఓడకి చిల్లు పడుతుంది. పిల్ల నీళ్ళు తోడుతూ ఉంటుంది. అక్కడికి రాగానే మేష్టారికి బదిలీ అయిపోయింది.

"ఆ పిల్లగుంట నీళ్ళు తోడతానే ఉన్నాది బావూ. మునిగినాదో తేలినాదో తెలీదు. పుస్తకాలన్నీ మీ కాడి నుంచే ఒత్తాయి గదా, అది తెలుసుకుందారనే ఒచ్చినాను."

"పుస్తకం పేరు?"

"పేరు తెలిత్తే నానే సెప్పనా? అట్ట నేదు దానికి."

"వెతికి పట్టుకొస్తాను" అన్నారు కూర్మనాథం గారు. ఆ మాట అన్నాక గాని దాని బరువు తెలియలేదు.

నాటకంలో వీరుడు చెయ్యి చాపితే పుస్తకం దొరికింది. ఇక్కడ పద్నాలుగు వందలున్నాయి. ఇన్నేళ్ళూ వాటి నంబర్లు, వాటి అట్టలు, వాటికి పట్టిన చెదలు అన్నీ ఆయనకి తెలుసు. లోపల ఏముందో సగానికి సగం తెలియదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు గాని, అందుకే ఎక్కువ సిగ్గుపడ్డారు. మొదటి బీరువా మొదటి అర నుంచి మొదలుపెట్టారు. పత్రికలు చదివేవాళ్ళు వెళ్ళిపోయాక, తలుపు దగ్గర వెలుతురున్నంత సేపు, ఓడ కోసం పుటలు తిప్పేవారు. ఓడలు బోలెడు దొరికాయి. దొంగల ఓడలు, రాజుల ఓడలు, గాలివానలో విరిగినవి. నీళ్ళు తోడే పిల్ల దొరకలేదు. మధ్యలో ఒక్కోచోట వెతకడం మరిచిపోయి చదువుతూ కూర్చునేవారు. జానకి రెండుసార్లు స్వయంగా వచ్చి ఇంటికి పిల్చుకెళ్ళింది.

"మీ వీరుడికి పుస్తకం ఏ బీరువాలో ఉందో ఎవరు చెప్పారయ్యా?" అని పెట్టె పట్టుకొచ్చిన ఢిల్లేశ్వరరావుని ఒకసారి అడిగారు. కోప్పడ్డం కాదు, నిజంగానే అడిగారు.

మేష్టారు ఆలోచించాడు. "అది నాకు తట్టనేదండి" అన్నాడు.

వైశాఖం దాటేసరికి ఆరు బీరువాలూ అయిపోయాయి. అప్పుడు తట్టింది, శేషగిరి మేష్టారినే అడగవచ్చు కదా అని. మొదటే తట్టవలసింది. ఆయన ఇచ్ఛాపురం పక్క బడిలో ఉన్నాడని ఢిల్లేశ్వరరావు కనుక్కున్నాడు. కూర్మనాథం గారు కార్డు రాశారు. పది రోజులకి జవాబు వచ్చింది.

'అయ్యా, మీరడిగిన పుస్తకం నా సొంతం. పాతపుస్తకాల వాడి దగ్గర కొన్నది. అందులో మొదటి ముప్ఫై పుటలే ఉన్నాయి. ఆమె ఓడ ఎక్కేవరకే చదివాను. తరువాతదంతా నేను ఏ రోజుకారోజు కల్పించి చెప్పింది. పుస్తకం చేతిలో పెట్టుకుని చెబుతుంటే చదువుతున్నానని అనుకునేవారు. ఓడను ఎలా గట్టెక్కించాలో నాకూ తెలియదు. బదిలీ రావడం ఒక విధంగా మేలయింది. వారు ఇంకా తలుచుకుంటున్నారని తెలిసి సిగ్గుగా ఉంది.'

కార్డు జేబులో పెట్టుకుని పూండిలో దిగి మూడు మైళ్ళూ నడిచారు కూర్మనాథం గారు. దారి పొడుగునా, ఈ మాట ఎలా చెప్పాలా అనే ఆలోచన. చివరికి ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించారు. ధనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నారు. నవ్వుతోంది.

"ఓలమ్మో! మేష్టారికీ తెలీదా? అయితే నాను సెప్పింది తప్పు కాదన్నమాట."

"నువ్వేం చెప్పావు?"

"పిక్కలు కొట్టేకాడ మా ఆడోలందరికీ ఈ కత సెప్పినాను కదా. తరవాతేటి, తరవాతేటి అని నా పేణం తీసేత్తన్నారు. ఎన్నాళ్ళని తెలీదంటాను? అల్లీసినాను."

అరుగు మీద కూర్చుని కూర్మనాథం గారు విన్నారు. నీళ్ళు మోకాలి దాకా వచ్చాక పిల్ల తలపాగా విప్పి, ఆడగొంతుతోనే కేకేసింది. మగాళ్ళు ఆ గొంతుకి బిత్తరపోయి, తర్వాత సిగ్గుపడి, తలా ఒక బొక్కెన పట్టారు. ఓడని మూడు రోజులు తోడి మన బారువ రేవు ఇసుక మీదికి ఎక్కించారు.

"మొగుడు దొరికాడా?" అని అడిగారు ఆయన.

"దొరకనేదు. అలగే బాగున్నాది బావూ. ఆడు దొరక్కపోతే పోనీ, ఓడ నడపడం ఒచ్చీసినాది గదా ఆ గుంటకి."

కూర్మనాథం గారు బీరువాలన్నీ గాలించి చూసిన ఓడల్లో ఇలా గట్టుకు చేరింది ఒక్కటీ లేదు.

"ఇది కాగితం మీద ఉండాలమ్మా. నువ్వు చెబుతుండు, నేను రాసుకుంటాను."

ధనమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరెందుకు? అచ్చరాలొచ్చు నాకు. కాయితాలు ఒట్టుకురండి."

రెండు దస్తాల తెల్లకాగితం తర్వాతి పెట్టెలో వెళ్ళింది. రాయడానికి ఆమెకి వానాకాలమంతా పట్టింది. పని దొరకని రోజుల్లో రాసేది. ఒత్తులు తప్పులు, దీర్ఘాలు తప్పులు. కొన్నిచోట్ల మాట తట్టక కొంత జాగా వదిలేసి ముందుకి పోయింది. కూర్మనాథం గారు దిద్దుదామని ఎర్రసిరా తీసి, రెండు పుటలు చదివి, మూత పెట్టేశారు. తనే కాగితాలు కుట్టి, అట్ట వేసి, బీరువాలో మిగతా వాటితో పాటు నంబరు వేసి పెట్టారు.

మరుసటి ఏటి ఉత్సవం ముందు ఢిల్లేశ్వరరావు వచ్చి, పుస్తకాల పంతులు వేషం తీసేస్తానన్నాడు. "తీసెయ్యకు, జనం నవ్వుతారు కదా" అన్నారు కూర్మనాథం గారు. "బల్ల కింద దూరనీ, నాకూ రాక్షసులంటే భయమే. కాని వీరుడికి ఏ పుట చూడాలో వాడిచేత చెప్పించు. పుట తెలియకపోతే మీ మేఘవజ్రుడు ఎగిరి ఎక్కడికి పోతాడు?"

ధనమ్మ పుస్తకం ఉద్దానం ఊళ్ళన్నీ తిరిగింది. రావివలస నుంచి ఎవరో రెండుసార్లు అడిగి తెప్పించుకున్నారు. పలాసలో పిక్కలు కొట్టే చోట ఒకామె చదువుతుంటే మిగతావాళ్ళు పని చేస్తూ వినేవారట. మొగుడు దొరకాలా వద్దా అని అక్కడ రెండు పక్షాలు ఏర్పడ్డాయని బంగారయ్య వచ్చి చెప్పాడు. కూర్మనాథం గారు ఉద్యోగం విరమించేనాటికి దానికి మూడుసార్లు అట్ట మార్చవలసి వచ్చింది.