రోజూ నవ్వు మొహమే నొక్కాను

ఆ పొద్దున మా మగ్గం మీద చీరకు కుడి అంచు కలవలేదు.

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. రెండింటికీ పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడెలు వేరువేరుగా నడుస్తాయి. అవి ఎదురుపడిన ప్రతిచోటా నూలు పోగునూ పట్టు పోగునూ మెలిక వేసి కలపాలి. ఒక్కడి చేతుల మీద అయ్యే పని కాదు. మగ్గం గుంతలో నేను కూర్చుంటే, నా కుడిపక్కన నా భార్య శకుంతల కుడి అంచు నాడె పట్టుకుని కూర్చునేది. ముప్పై ఏళ్లుగా ఆమెది అదే చోటు. ఆ రోజు చూస్తే జానెడు మేర నూలుకూ పట్టుకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది.

"ఏంది శకుంతలా, కలుపుతలేవా?" అన్నాను.

ఆమె చేతిలోని నాడెను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంతోని ఏం చెయ్యాలె?" అని అడిగింది.

నేను నవ్వాను. ఆమెకు మొదటి నుంచీ వేళాకోళం ఎక్కువ. ఆమె మాత్రం నవ్వలేదు.

మూడేళ్ల కిందటి మాట ఇది. ఆ రోజు తలచుకుంటే దానికంటే ముందు రోజులే ఎక్కువ గుర్తొస్తాయి. మగ్గం మీద మొగుడూ పెళ్లాల ముచ్చట్లు వేరే తీరుగా ఉంటాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఇద్దరి కళ్లూ బట్ట మీదే. వాడలో ఎవరింట్లో ఏం కూర వండారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అన్నీ శకుంతల నోటనే నాకు తెలిసేవి. చెప్పడం పూర్తికాక ముందే నవ్వేసేది. చీర మగ్గం దిగిన వారం ఇద్దరం బీచుపల్లి పోయేవాళ్లం. ఆంజనేయస్వామికి మొక్కి, కృష్ణ ఒడ్డున కూర్చుని మిరపకాయ బజ్జీలు తినేవాళ్లం. ఆమె చీర కాస్త ఎత్తిపట్టి నీళ్లలో నిలబడి, "నువ్వు గూడ దిగవయ్యా, ఎవ్వలేమంటరు" అని పిలిచేది. నేను ఒక్కసారి కూడా దిగలేదు. ఎందుకు దిగలేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియదు.

అంచు సంగతి తర్వాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పప్పులో రెండుసార్లు ఉప్పు. పుట్టి పెరిగిన గద్వాలలో కూరగాయలకు పోయి పక్క వాడలో నిలబడి దారి అడగటం. దగ్గరలోని డాక్టరు చూసి, బలహీనత అని బి కాంప్లెక్స్ గోళీలు రాశాడు. నేనూ అదే నమ్మాను. నమ్మితే పని తేలిక కదా. నాగర్‌కర్నూల్‌లో బడి పంతులమ్మగా ఉండే మా బిడ్డ రేణుక పండక్కి వచ్చినప్పుడు, వాళ్లమ్మ తనను పట్టుకుని "నువ్వు ఎవరి బిడ్డవే?" అని అడిగింది. రేణుక ఆ వారమే వనపర్తిలో పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

ఆ మేడం రక్త పరీక్షలు రాసింది. థైరాయిడ్, బి ట్వెల్వ్ చూశారు. కర్నూలు పోయి ఎంఆర్‌ఐ తీయించుకొచ్చాం. తర్వాత శకుంతలను కూర్చోబెట్టి ఏ నెల, ఏ వారం అని అడిగారు. గడియారం బొమ్మ గీయమంటే శకుంతల గోడ వైపు చూపించి, "ఆడ ఉన్నది గద మేడం, మల్ల నన్నెందుకు గియ్యమంటున్నవ్?" అంది. డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఇది డిమెన్షియా. అల్జీమర్స్ రకం. పూర్తిగా తగ్గేది కాదు. మందులతో కొంతకాలం నెమ్మదిగా నడిచేటట్టు చూద్దాం." తర్వాత రేణుకతో అంది, "కేర్‌గివర్‌ను కూడా జాగ్రత్తగా చూసుకోవాలమ్మా."

దవాఖాన వాళ్లు ఎవరో నర్సును ఇంటికి పంపుతారు కాబోలు అనుకున్నాను. ఆ కేర్‌గివర్ నేనేనని బస్సులో రేణుక చెప్పింది.

అదే బస్సులో ఇంకో మాట కూడా అంది. "అమ్మను నాతోని తీస్కపోత నాయినా. నీతోని కాదు." నేను వద్దన్నాను. మా ఇంట్లో ఆమె మనసు తప్పినా చేతులు దారి తప్పవు. నీళ్ల బిందె ఎక్కడుందో, తలుపు గొళ్లెం ఎటు తీయాలో ఆ చేతులకు తెలుసు. కొత్త ఇంట్లో పెడితే ఆ కాస్తా పోతుంది. అది రేణుకకు చెప్పిన కారణం. అసలు కారణం, ఆమె లేని ఇంట్లో నేను ఉండలేను. రేణుక "సరే, నువ్వు మంచిగున్నంత దినాలు ఉండనీ" అంది. ఆ మాట నా నెత్తిన కూర్చుంది. నేను బాగాలేనని తెలిసిన రోజు శకుంతలను తీసుకుపోతారు.

పోయే ముందు రేణుక నా ఫోన్‌లో ఒక యాప్ వేసింది. డిమెన్షియా ఉన్నవాళ్లను చూసుకునే వాళ్ల టెన్షన్ తగ్గించడానికట. రోజుకోసారి ఫోన్ టింగుమంటుంది. "ఈరోజు మీరు ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది. కింద ఐదు మొహాలు ఉంటాయి, పెద్ద నవ్వు నుంచి ఏడుపు దాకా. మనం ఏది నొక్కితే అది రేణుక ఫోన్‌లో కూడా కనపడుతుంది. ఊపిరి ఎలా తీసుకోవాలో ఒక ఆడగొంతు చెబుతుంది. పుస్తకంలో మాటలాగా, తేనె పూసినట్టు ఉంటుంది ఆ గొంతు. "ఇప్పుడు నెమ్మదిగా శ్వాస తీసుకోండి... వదలండి..."

మొదటి రోజే శకుంతల చెవిన పడింది. "ఎవరామె?" అంది.

"ఎవ్వరు లేరు. ఫోన్."

"ఫోన్ల ఉన్నది ఎవరని అడుగుతున్న. గంత మంచిగ మాట్లాడుతుంది, ఇంట్లకు పిలువకపోతివి? వాకిట్ల నిలబెట్టి మాట్లాడుతరా ఆడమనిషిని?"

అప్పటి నుంచి ఆ గొంతు వినపడగానే మంచినీళ్లు తెచ్చి ఫోన్ పక్కన పెట్టేది. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది. అప్పుడు కూడా నవ్వొచ్చింది. ఇలాంటి నవ్వులు లేకపోతే ఆ రోజులు గడిచేవి కావు.

ఇక మొహాల సంగతి. రోజూ పెద్ద నవ్వు మొహమే నొక్కాను. మా దగ్గర ఎవరైనా "బాగున్నవా?" అంటే "బాగున్న" అనడమే మర్యాద. జ్వరంతో వణుకుతున్నా బాగున్న అనే అంటాం. ఫోన్ అడిగినా నోట ఇంకో మాట రాలేదు. దానికి తోడు రేణుక చూస్తుందన్న భయం. ఏడుపు మొహం నొక్కితే పొద్దునకల్లా వచ్చి వాళ్లమ్మ బట్టలు సర్దుతుందనుకున్నాను.

బాగున్నానా అంటే, లేను. మగ్గం ఆగిపోయింది. ఆమె నూలు చుట్టిన కండెలు తీసుకుపోయి బియ్యం డబ్బాలో దాచేది. స్నానం చేయించబోతే గోళ్లతో రక్కేది. మధ్యలో ఓసారి ఉన్నట్టుండి నన్ను దొంగ అంటూ తలుపు బయటికి తోసింది. రోగం ముదిరిందనుకుని వనపర్తి పరుగెత్తితే, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. యాంటీబయోటిక్ వాడాక ఆ ఉద్రేకం దిగింది. అప్పటికి నాకు తల దిమ్ముగా ఉండటం, కళ్లు మసకబారటం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

శకుంతల పొద్దుటి నుంచి ఒకే మాట అడుగుతోంది. "మా అమ్మ ఎప్పుడొస్తది?" వస్తదిలే అన్నాను. మళ్లీ అడిగింది. అన్నం కలుపుతుంటే అడిగింది, చేయి కడుగుతుంటే అడిగింది. ఎన్నోసారో తెలియదు, నాలో ఏదో తెగింది. "మీ అమ్మ సచ్చి ఇరవై ఏండ్లాయె! ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని అరిచాను.

ఆమెకు ఆ వార్త అప్పుడే తెలిసినట్టయింది. గుండెలు బాదుకుంది. "నాకెందుకు చెప్పలే? నన్నెందుకు తీస్కపోలే? ఆఖరిసారి మొహం గూడ చూడనియ్యకపోతిరి" అని ఏడ్చింది. ఇరవై ఏళ్ల కిందట నేనే దగ్గరుండి తీసుకుపోయాను, నా భుజం మీదే ఏడ్చింది. అదంతా పోయి, నేను చంపినట్టే వాళ్లమ్మ మళ్లీ చచ్చిపోయింది. అప్పుడే ఫోన్ టింగుమంది. ఈరోజు మీరు ఎలా ఉన్నారు? పక్కన ఆమె ఏడుస్తూనే ఉంది. నేను నవ్వు మొహం నొక్కాను.

వారం తర్వాత వనపర్తిలో చూపించుకునే రోజు. రేణుక నేరుగా అక్కడికి వచ్చింది. డాక్టరమ్మ గదిలో కుర్చీలోంచి లేవబోయి తూలాను. మేడం నా చేతికి బీపీ పట్టీ చుట్టి చూసి, మొహం గంభీరంగా పెట్టింది. ఆ తర్వాత రేణుక యాప్ సంగతి చెబితే, నా ఫోన్ అడిగి తీసుకుని దాన్ని తెరిచింది. వేలితో పైకి జరుపుతూ పోయింది. నవ్వు, నవ్వు, నవ్వు.

"ఇన్ని నెలల్లో ఒక్క రోజు కూడా కష్టం అనిపించలేదా?"

"బాగున్నవా అంటే బాగున్ననే అంటం గద మేడం."

"అవును, కాలు విరిగి వచ్చినోళ్లు కూడా నాతో అట్లే అంటారు" అంది. "మీ ఓపీ చీటీ ఏది?"

"పేషెంటు ఆమె మేడం. నాకెందుకు చీటీ?"

"నా ముందు ఇద్దరు పేషెంట్లు ఉన్నారు. ఒకరికే చీటీ ఉంది."

అంతే, ఇక ఆగలేకపోయాను. అరిచిన సంగతి, ఏడుపు, ఆ తర్వాత నొక్కిన మొహం, అన్నీ చెప్పాను. రేణుక వింటూ వింటూ ఏడ్చి, ఆ వెంటనే నా మీద విరుచుకుపడింది. "రోజు నీ నవ్వు మొహం చూసి మా నాయిన మంచిగున్నడని నిమ్మలంగ ఉంటి. ఒక్క దినం ఏడ్పు మొహం పెడితే ఆ పూటనే బస్సెక్కుతుంటి గద!"

"పెడితే అమ్మను తీస్కపోతవని..."

"నేనా? నిన్నిట్ల పరేషాన్ల ఇడిసి పెట్టి తీస్కపోతనా? నేనే వస్త. శనివారం బడి ఇడిసినంక వచ్చి ఆదివారం దాక ఉంట. ఆ రెండు దినాలు నువ్వు పండుకో, తిరుగు, నీ ఇష్టం."

నేను ఎవరి నుంచి దాచానో, ఆ మనిషి రాకుండా నేనే అడ్డం పడ్డానన్నమాట. ఇంత తెలివి నాకే ఉంది.

డాక్టరమ్మ నాకు బీపీ గోళీలు రాసింది. శకుంతల వాళ్లమ్మను అడిగితే చచ్చిపోయిందని చెప్పొద్దంది. "వాళ్లమ్మ గురించే అడగండి. ఏం వండేది, ఏమని తిట్టేది అని. ఆమెకు కావలసింది అదే." ఇంటికొచ్చి అడిగాను. వాళ్లమ్మ జొన్నరొట్టె చేతులతో తట్టే చప్పుడు నుంచి మొదలుపెట్టి పొద్దు గూకేదాకా చెప్పింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను వినని ముచ్చట్లు. మళ్లీ పాత శకుంతల లాగే, చెప్పడం పూర్తికాక ముందే నవ్వింది.

యాప్ ఇప్పటికీ ఉంది. అది ఆమె బట్టలు ఉతకదు, అన్నం తినిపించదు. ఆమె కునుకు తీసినప్పుడు ఆ తేనె గొంతుతో పాటు ఊపిరి తీసి వదులుతాను. తలలో దిమ్ము కొంత తగ్గుతుంది. టింగుమంటే మాత్రం ఉన్న మొహమే నొక్కుతాను. ఏడుపు మొహం నొక్కిన రోజు సాయంత్రం లోపల రేణుక ఫోన్ వస్తుంది. శకుంతల మా ఇంట్లోనే ఉంది. మందులు నడుస్తున్నా మాటలు తగ్గుతున్నాయి, నడక తగ్గుతోంది. నేనెవరో ఆమెకు తెలియని రోజులు ఎక్కువయ్యాయి.

మొన్న పొద్దున చాయ్ తీసుకుని దగ్గరికి పోతే, బయటి మనిషిని చూసినట్టు చూసి, "బాగున్నవా అన్నా?" అంది. కట్టుకున్న పెళ్లాం నోట అన్నా అనిపించుకోవడం ఎలా ఉంటుందో రాయలేను. "బాగలేను. మనసేం మంచిగ లేదు" అన్నాను. ఆమెతో అలా అనడం అదే మొదటిసారి.

ఆమె కాస్త జరిగి పక్కన చోటిచ్చింది. "ఈడ కూసో. మా ఇంటాయన ఇప్పుడే వస్తడు. ఆయనతోని చెప్పుకో, మంచిగ ఇంటడు" అంది.

నేను కూర్చుని ఏడ్చాను. ఆమె నా వీపు మీద చేయి వేసి, ఆయన కోసం వాకిలి వైపు చూస్తూ ఉంది.

ఇలాంటి వాళ్లను చూసుకుంటున్న తోటివారికి నేను చెప్పేది ఒక్కటే. దవాఖానకు పోయినప్పుడు మీ పేరున కూడా ఒక ఓపీ చీటీ రాయించుకోండి. డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే బాగున్నానని మాత్రం అనకండి.