రాజలింగం దోసిలి

ముంబైలో మా కామాఠీపుర గల్లీలో రాజలింగం గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు. "మంచిగయ్యిండు, మల్ల తాగి చెడిపోయిండు" అంటారు. అందులో మొదటి సగం అతని కష్టం. రెండో సగంలో నా చెయ్యి ఉంది. అది గల్లీకి తెలియదు. తెలియకపోతే నాకేం పోయింది అనుకుందామంటే కుదరడం లేదు. అందుకని రాస్తున్నాను.

నా పేరు రత్నాబాయి. మునిసిపాలిటీ తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. నేను చేరినప్పుడు తరగతికి అరవై మంది. నేను దిగిపోయేనాటికి బడి మొత్తం మీద అంతమంది లేరు. పిల్లలందరూ మరాఠీలోకి, ఇంగ్లీషులోకి వెళ్లిపోయారు. రాజలింగం నా దగ్గర నాలుగో తరగతి చదివాడు. వాళ్ల తాత ఈ ఊరి మేడలకు రాళ్లు మోయడానికి తెలంగాణ నుంచి వచ్చినవాడు, తండ్రి సున్నం కలిపేవాడు. వీడికి లెక్కలు రావు గానీ అక్షరాలు మాత్రం ముత్యాల్లా రాసేవాడు. నేను అప్పట్లో స్కేలుతో కొట్టే మనిషిని. ఒక చెయ్యి చాపమంటే రెండూ చాపేవాడు. నాకు నవ్వొచ్చి మెల్లగా కొట్టేదాన్ని.

పెద్దయ్యాక బిల్డింగులకు రంగులు వేసే పనిలో పడ్డాడు. ఓసారి వానల ముందు వెదురు పరంజా మీదనుంచి జారి నడుము విరగ్గొట్టుకున్నాడు. నొప్పికి మందని ఎవరో గ్లాసులో పోసి ఇచ్చారు. నడుము అతుక్కుంది, గ్లాసు వదల్లేదు. పెళ్లాం వాళ్ల కూతురు లావణ్యను తీసుకుని ధారావిలో అన్నగారింటికి వెళ్లిపోయింది. ఇంట్లో గిన్నెలు కూడా మాయమవుతుంటే తమ్ముడు వరస గదుల చాలీలో వాళ్లుండే గదికి తాళం మార్చాడు. ఆ తమ్ముణ్ణి నేను తిట్టను. ఆ తర్వాత ఆరేళ్లు రాజలింగం ఫాక్‌లాండ్ రోడ్డులో మూసిన దుకాణాల మెట్ల మీదే పడుకున్నాడు. నేను కూరగాయలకు వెళ్తూ చూసేదాన్ని. చూసి, కొంగు సర్దుకుని, అవతలి వైపు నుంచి నడిచేదాన్ని. గుర్తుపట్టలేదని చెప్పుకోవడానికి కూడా లేదు, బాగానే గుర్తుపట్టాను.

నేను రిటైరైన మరుసటి ఏడాది ఒక ట్రస్టు వాళ్లు మా పక్క చాలీలో కొంత భాగం తీసుకున్నారు. ఫుట్‌పాత్ మీద బతుకుతూ తాగుడుకో, గర్దు అనే మత్తుపొడికో అలవాటు పడ్డ మగవాళ్లకు అక్కడ చోటిస్తారు. మనవాళ్లు దాన్ని ఆసరా ఇల్లు అంటారు. కింద ఎనిమిది మంచాలు, పైన నాలుగు చిన్న గదులు. కింద ఉన్నవాళ్లకు తిండి, మందులు, వారానికోసారి డాక్టరు. మత్తు ముట్టకుండా ఏడాది గడిపితే పైన సొంత గది, సొంత తాళంచెవి. ఆ గదిలో ఎన్నేళ్లయినా ఉండొచ్చు. మొత్తం చూసుకునేది రుతుజ అని మరాఠీ పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి, భలే ఓపిక. వచ్చేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లు, అందులోనూ పాలమూరు నుంచి బిల్డింగ్ పనికొచ్చి ఆగమైనవాళ్లు. వాళ్లతో మాట్లాడ్డానికి మనిషి కావాలంటే నేను చేరాను. వంటిల్లు నాది, తెలుగులో గద్దించడం నాది.

వెళ్లిన మొదటి వారంలోనే నల్లబల్ల తెప్పించి ఇంటి నియమాలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. మూడో నియమం ఇది: మత్తు ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు. రాసి, రెండడుగులు వెనక్కి వేసి, నా చేతిరాత నేనే చూసి మురిసిపోయాను.

అక్కడ రోజూ పొద్దున అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరు పేరు చెప్పి, మత్తు ముట్టక ఎన్ని రోజులైందో చెప్పి, నిన్న ఏదైనా తప్పు చేసి ఉంటే చెప్పాలి. రుతుజ కూడా కూర్చుని తన తప్పులు చెప్పేది. నన్నూ పిలిచేది. నేను టీ మరుగుతోందని చెప్పి తప్పించుకునేదాన్ని. నేను తాగుబోతును కానుగా అని నా పొగరు.

రాజలింగాన్ని రుతుజే తీసుకొచ్చింది. గుమ్మంలో నన్ను చూడగానే "టీచర్" అని రెండు చేతులూ చాపాడు, కొడతానేమో అన్నట్టు. ఆ చేతులు ఎంత వణుకుతున్నాయంటే మొదటి పదిరోజులు గ్లాసులో సగమే టీ పోసేదాన్ని. మూడో నెలకు వణుకు తగ్గింది. ఐదో నెలలో బ్రష్షు పట్టాడు. కింది గదులన్నిటికీ తానే రంగు వేశాడు. పైన కిటికీ గల్లీలోకి తెరుచుకునే మూలగది ఒకటి ఖాళీగా ఉండేది. అది తనకే వస్తుందని అతనికి తెలుసు. దానికి లేత ఆకుపచ్చ రంగు అనుకుని, ఆ రంగు కాగితంముక్క జేబులో పెట్టుకుని తిరిగేవాడు. లావణ్య ఆదివారాలు వచ్చేది గానీ లోపలికి వచ్చేది కాదు, గల్లీలో నిలబడే మాట్లాడేది. ఒకసారి నా ముందే అంది. "నీకంటూ ఒక తలుపు ఉన్ననాడు లోపలికి వస్త నాయినా." ఆ తలుపుకు ఇంక ఇరవైనాలుగు రోజులే ఉన్నాయనగా ఆషాఢం ఆదివారం వచ్చింది.

మా గల్లీలో పోచమ్మకు బోనాలు. ఆ ఏడాది పొద్దున్నుంచీ వానే. బోనం తలమీద పెట్టుకుని నేను నడుస్తుంటే రాజలింగం పక్కనే గొడుగు పట్టాడు. అమ్మవారి ముందు కల్లు శాక పోశాక చెంబులో మిగిలినదాన్ని బోనం ఎత్తిన ఇంటి పెద్దామె అందరి దోసిళ్లలో తలా ఇంత పోస్తుంది. మా అమ్మ పోసేది, అత్త పోసేది, ఇప్పుడు నేను. కాదన్నవాళ్లను నేను చూడలేదు. పోస్తూ పోస్తూ రాజలింగం దగ్గరికి వచ్చాను. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకొద్దు టీచర్."

"ఇది తాగుడు కాదురా, అమ్మ శాక."

"దండం పెట్టుకుంట. బస్, అది చాలు నాకు."

వెనక ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. "టీచర్ మాటకు గింతే కిమ్మత్" అని ఎవరో అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"నలుగుర్ల నా చెయ్యి తోసేస్తవా? చెయ్యి చాపు."

రెండు చేతులూ చాపాడు.

నేను పోశాను. తాగి, తడిచేతులు తలకు రాసుకుని, మళ్లీ గొడుగు పట్టి నన్ను ఇంటిదాకా దింపాడు. ఆ సాయంత్రం ఆసరా ఇంటికి రాలేదు.

నాకు తెలియక చేశానంటే అబద్ధం. మూడో నియమం రాసింది ఈ చేత్తోనే. అమ్మవారికి కోపం వస్తుందని భయపడ్డానంటే అదీ అబద్ధమే. దండంతో ఆవిడ సరిపెట్టుకునేది. నవ్వులపాలైంది నేను. నా పరువు నిలబెట్టుకోవడానికి వాడి దోసిట్లో పోశాను.

మూడు రోజులు కనబడలేదు. రుతుజ అడిగితే బోనాల దాకా బాగానే ఉన్నాడని చెప్పాను. బుధవారం నాడు రాములు వెతికి పట్టుకొచ్చాడు. రాములు పాలమూరు మనిషి, రాజలింగం పక్క మంచం, పై గదికి వరుసలో తర్వాతివాడు. ఫోరస్ రోడ్డులో మూసిన దుకాణం ముందు వానలో పడి ఉంటే భుజాన వేసుకొచ్చాడు. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి, చేతులు మళ్లీ మొదటి రోజులాగే వణుకుతున్నాయి.

గురువారం చాప మీద రుతుజ మెల్లగా అడిగింది, ఎక్కడ మొదలైందని. అతను చాప వైపే చూస్తూ, "పాత దోస్తు కలిసిండు. ఆడు పోసిండు" అన్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. టీ పొంగి పొయ్యి మీద పడుతోంది. మంట తగ్గించాను. ఆ పూట నేను చేసింది అంతే.

తాగాడని ఆ ఇంట్లోంచి ఎవరినీ వీధిలోకి గెంటరు. మంచం అలాగే ఉంది. కానీ ఏడాది లెక్క మళ్లీ ఒకటి నుంచి. మూలగది రాములుకు రాసేశారు. ఆదివారం లావణ్య వచ్చింది. గల్లీలోనే నిలబడి అంతా విని, తండ్రిని పిలవకుండానే వెనక్కి తిరిగింది. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుంది. "మీరున్నరని ధైర్యంగుంటుండె టీచర్" అంది. ఏం చేస్తాం తల్లీ అన్నాను. ఇన్నేళ్లలో అంత సిగ్గులేని మాట నేను ఇంకోటి అనలేదు.

ఇంకో పన్నెండు రోజులకు టీ పట్టుకుని పైకి వెళ్లాను. రాజలింగం మూలగదికి రంగు వేస్తున్నాడు. లేత ఆకుపచ్చ. రాములు ఏ రంగైనా పర్వాలేదన్నాడట.

"నా పేరు ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

బ్రష్షు ఆపలేదు. "చెప్తే మిమ్మల్ని కామ్‌ల నుంచి తీసేస్తరు. నా ఏడాదెట్లాగూ పాయె."

"నేనే కదరా పోసింది."

"దోసిట్ల ఎంత పడుతది టీచర్? మూడు రోజులు తాగింది నేనే. మీరు తెల్వక పోసిన్రు, నేను తెల్సి తాగిన."

తెలియక. ఆ మాట విని టీగ్లాసు కిటికీలో పెట్టి కిందికి వచ్చేశాను. వాడు అడ్డుపడి కాపాడుతున్నది నన్ను కాదు, వాడి మనసులో ఉన్న ఇంకెవరో మంచి టీచర్ని.

మర్నాడు పొద్దున టీ పెట్టలేదు. వెళ్లి చాప మీద కూర్చున్నాను. మోకాళ్లు వంగక గోడ పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. రాములు చెప్పాడు, మిగిలినవాళ్లు చెప్పారు. రాజలింగం తన పేరు చెప్పి "పదిహేడు" అన్నాడు. నా వంతు వచ్చింది. నా లెక్కా అదే, పదిహేడు రోజులుగా అబద్ధం.

అంతా చెప్పాను. చెంబు, నవ్విన ఆడవాళ్లు, చెయ్యి చాపు అని నేనన్న మాట, పొంగిన టీ. తెలిసే పోశానని కూడా చెప్పాను. రాజలింగం తలెత్తలేదు. దోస్తు పోశాడని అతనాడిన అబద్ధం కూడా నా మాటల్తో బయటపడింది, అదొకటి చేశాను. రుతుజ మరాఠీలో, పోయిన రోజులు వెనక్కి రావని, గది రాములుదేనని చెప్పింది. నన్ను ఏం చేయాలో ట్రస్టువాళ్లు నిర్ణయిస్తారు, అప్పటిదాకా రావొద్దంది. గొంతు పెంచలేదు. వంటింటి తాళంచెవి నడుంనుంచి తీసి చాప మీద పెట్టాను.

గుమ్మం దాటబోతుంటే రాజలింగం పిలిచాడు.

"టీచర్, బోర్డు మీద మూడో లైను సరిగ్గ లేదు. మంచిగ రాసి పోండి."

సుద్దముక్క తెచ్చి ఇచ్చాడు. మత్తు ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు అన్నదాని కింద, దేవుడి పేరు మీద ఇచ్చినా, అని రాసి ఆగాను.

"ఇంకొకటున్నది" అన్నాడు వెనకనుంచి. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది. "టీచర్ ఇచ్చినా. అది గూడ రాయండి."

రాశాను. అక్షరాలు వంకర పోయాయి. అతను తడిబట్టతో తుడిచి, మళ్లీ రాయమన్నాడు.