పనసతొన కోసం ధ్యానం

అరవైల చివర్లో ఒకసారి విజయనగరంలో పాసెంజరు రైలెక్కాను. ధ్యానంతో ఎదుటివాళ్ల మనసులోకి ఆలోచనలు పంపే విద్య అప్పుడే నేర్చాను. ఎదురుగా ఒకావిడ ఏనుగుపిల్లంత పనసపండు సగం కోసి ఒడిలో పెట్టుకుంది. కళ్లు మూసుకుని, 'ఒక్క తొన పెట్టు' అని బ్రహ్మాండం దద్దరిల్లేలా తలచాను. ఆ పట్టుదలకి ఒళ్లంతా ఊగిపోయింది.

"అమ్మోరు పూనీసినాది!" అని ఆవిడ చేతులు జోడించింది. "తల్లీ, తప్పిపోన నా గేది ఎటెల్లినాదో సెప్పు."

పెట్టె మొత్తం నావైపు ఒరిగింది. అనంతపురంవాణ్ని, నోటికొచ్చిన దిక్కు చెప్పాను. "తూర్పు."

"తూరుపున సముద్దరం కదేటి! నా గేది సేపలట్టడానికెల్లినాదా?" అని కసిరి, నాలుగు తొనలు నా చేతిలో పెట్టింది. "నీకు పూనింది అమ్మోరు కాదు బాబూ, ఆకలి. తిను."

ఆపైన గేదె జాడ కోసం, పక్కబల్ల మీద కళ్లు మూసుకుని గురకపెడుతున్న పెద్దమనిషి ముందు చేతులు జోడించింది.