ఆల్బనీ బస్సులో నా జేబులోని చెగోడీలు

కూతురు నిస్సీని మా నగరానికి ఉత్తర కొసన ఉన్న ఆల్బనీ తీసుకెళ్లాలి, తోడు రమ్మని సునీత అడిగినప్పుడు నేను ఒప్పుకున్నది సాయం చేయాలని కాదు. శాండ్రింగ్‌హామ్‌లో మా ఇంటి ముందుగదిలో ఆదివారం సాయంత్రం చిన్న క్రైస్తవ సహవాసం జరుగుతుంది. అక్కడ వాక్యం చెప్పేది నేను. వేదాంత కళాశాల గడప తొక్కలేదు, కిరాణా కొట్టు కౌంటరు వెనుక నేర్చుకున్నదే నా చదువంతా. సునీత మా సహవాసంలో మనిషి. నిస్సీకి నాలుగున్నరేళ్లు, ఆటిజం ఉంది, మాటలు ఇంకా రాలేదు. ఆల్బనీలోని ఒక పరిశోధన కేంద్రంలో కడప నుంచి వచ్చిన మాధవి, పిల్లల ప్రవర్తన గమనించి నేర్పే బిహేవియర్ ఎనలిస్ట్‌గా పనిచేస్తోంది. మాటలు రాని పిల్లలు తమకు కావలసిన దాని బొమ్మ ఉన్న కార్డును ఎదుటి మనిషి చేతికిచ్చి అడగడం ఎలా నేర్చుకుంటారు, ఒకరి దగ్గర నేర్చుకున్నది ఇంకొకరి దగ్గర వాడతారా అన్నది అక్కడి పరిశోధన. ఇష్టమైన తిండి ఎదురుగా పెట్టి, అడిగితేనే ఇస్తారని విని నాకు ఒళ్లు మండింది. రొట్టె అడిగిన బిడ్డకు ఏ తండ్రైనా రాయి ఇస్తాడా అన్నాడు ప్రభువు. బిడ్డ అడిగేదాకా మీరు రొట్టెనే దాచిపెడతారా అని సునీతను గద్దించాను. ఆమె వాదించలేదు. "ఒకసారి వచ్చి చూడండి అన్నయ్యా" అంది. చూసి తప్పు పట్టాలనే బయల్దేరాను. ఇదంతా సునీత అనుమతితోనే, పేర్లు మార్చి రాస్తున్నాను.

మా కొట్టు దగ్గర నుంచి సిటీకి బస్సు, అక్కడ నుంచి బస్సులకే కేటాయించిన నార్తర్న్ బస్‌వే మీదుగా ఆల్బనీకి డబుల్ డెక్కర్. పొద్దున రద్దీలో గంటన్నర పెట్టుకోండి. బస్సు కార్డు ఉంటే రెండు బస్సులూ ఒకే ప్రయాణం కింద లెక్కకడతారు, ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. సునీత భర్త పని మీద క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్నాడు, ఆమెకు డ్రైవింగ్ రాదు. ఆ రోజు తనకు పరీక్ష లాంటిదని స్టాపు దగ్గర నిలబడి చెప్పింది. నిస్సీ ఇప్పటిదాకా మాధవి చేతికే కార్డు ఇచ్చింది. ఆ రోజు మొదటిసారి తల్లి చేతికి ఇస్తుందా లేదా చూస్తారు. వృద్ధాశ్రమంలో షిఫ్టు మార్పించుకుని, పాపకు నచ్చే ఆకుపచ్చ చుడీదారు వేసుకుని వచ్చింది.

"ఇడ్లీ తినిపించాను అన్నయ్యా, ఆకలితో లేదు. దానికి ప్రాణమైన చెగోడీలు మాత్రం కంట పడనీయకండి. మాధవి గారు మరీ మరీ చెప్పారు" అంది.

సరేనమ్మా అన్నాను. నా జేబులో అప్పటికే మా కొట్టు చెగోడీల పొట్లం ఉంది.

సిటీలో డబుల్ డెక్కర్ ఎక్కుతుంటే మా మాటలు విని డ్రైవరు నవ్వాడు. నిజామాబాద్ అట. "ఏందన్నా, పొద్దుగాల్నే ఫ్యామిలీ టూరా? మీద ముందు సీటు ఖాళీగుంది, పోయి కూసోండ్రి. పాపకు బ్రిడ్జి మంచిగ కనపడ్తది."

అతను చెప్పింది నిజమే. మీరు వెళ్తే పై అంతస్తు ముందు సీటు వదులుకోకండి. హార్బర్ బ్రిడ్జి ఎక్కేసరికి రెండు వైపులా నీళ్లు, తెల్లటి పడవలు, నిస్సీ అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. వెనక సీట్లో సునీత ఫోన్‌లో పనిచోట ఎవరికో షిఫ్టు సంగతి సర్దిచెబుతోంది. ఆ పసిది ఏడవలేదు, ఏమీ అడగలేదు. సముద్రం చూసుకుంటూ హాయిగా ఉంది. నేనే ఉండబట్టలేకపోయాను. మా ఇంటికి వచ్చినన్ని వారాల్లో ఒక్కసారి కూడా నా ముఖం చూడని పిల్ల. కార్డులతో పని లేకుండా ప్రేమతోనే ఈ పిల్లను గెలుస్తానని నిరూపించుకోవాలనిపించింది. జేబులోంచి ఒక చెగోడీ తీసి ఆమె వేలికి ఉంగరంలా తొడిగాను. నిస్సీ వేలు చూసుకుంది, తర్వాత నన్ను చూసింది. కళ్లలోకి చూసింది! ఇంకేముంది, అన్ని వేళ్లకూ తొడిగాను. తిన్న వేలికల్లా మళ్లీ తొడిగాను. ఆల్బనీ వచ్చేసరికి పొట్లం ఖాళీ. ఆమె చేతులు నా రుమాలుతో తుడిచాను. దాచాల్సిన పని అని తెలియకపోతే ఎందుకు తుడిచాను?

బస్ స్టేషన్ నుంచి కేంద్రానికి నడక దూరమే. మాధవి గుమ్మం దాకా వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నన్ను అద్దం కిటికీ ఇవతల గదిలో కూర్చోబెట్టింది. అవతల చిన్న బల్ల, ఒక వైపు నిస్సీ, ఎదురుగా సునీత. ఆమె దగ్గర గాజు సీసాలో చెగోడీలు, బల్ల మీద చెగోడీ బొమ్మ ఉన్న కార్డు. మాధవి పాప వెనక నేల మీద కూర్చుంది. పురమాయించడం, బతిమాలడం, చెయ్యి పట్టి నడిపించడం ఏవీ లేవు. మధ్యమధ్య ఒళ్లోని కాగితం మీద ఒక గీత, అంతే. ఆమె పనిలో పెద్ద భాగం ఎదురుచూడటమేనని నాకు అప్పుడు తెలిసింది. కుక్కకు బిస్కెట్ చూపించినట్టు ఉంటుందని ఊహించుకుని వచ్చాను. అంత మర్యాదగా ఒక పసిబిడ్డ కోసం ఎదురుచూసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

నిస్సీ సీసా వైపు చూసి ముఖం తిప్పుకుంది. సునీత చిరునవ్వుతో అరచెయ్యి చాపి కూర్చుంది. కొంతసేపటికి పాప కార్డును మోచేత్తో కిందికి తోసేసి కుర్చీ దిగిపోయింది. మాధవి కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అంతే. చాపిన చెయ్యి అలాగే ఉంది గానీ సునీత ముఖంలో నవ్వు లేదు.

బయటికి వచ్చాక మాధవి మెల్లగా అడిగింది. "పొద్దున్నుంచి చెగోడీలు ఏమైనా తినిందా సునీత గారూ?"

"ఒట్టు, ఒక్కటి కూడా పెట్టలేదండీ."

నేను పక్కనే ఉన్నాను. చలిమంట దగ్గర ప్రభువును నేనెరగనని బొంకిన శిష్యుణ్ణి ఎన్ని ఆదివారాలు చీల్చి చెండాడానో! నాకైతే మంట కూడా లేదు, వెచ్చటి హీటరు గది. అయినా ఖాళీ పొట్లం ఉన్న జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

సునీత నావైపు తిరిగింది. "మాధవి గారి దగ్గర అడుగుతుంది, నా దగ్గర అడగదు. కన్నతల్లిని నేను దానికి అక్కర్లేదు. అన్నయ్యా, నా ప్రార్థనలో లోపమా?"

ఆ ప్రశ్న ఆమెకు నేర్పింది నేనే. జవాబు రాని ప్రార్థన వెనక విశ్వాసలోపం ఉంటుందని బల్ల గుద్ది చెప్పిన నోరు ఇదే.

"లోపం నీది కాదమ్మా, నాది. బస్సులో పొట్లమంతా నేనే తినిపించాను."

ముందు తేరుకున్నది మాధవి. "అంకుల్, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దండి. మీ మీటింగులో భోజనాలు ముందే పెట్టేస్తే ప్రసంగానికి ఎంతమంది కూర్చుంటారు?"

"నేను కూడా కూర్చోనమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది గానీ సునీత నవ్వలేదు. "ఆదివారం మేమంతా మీ మాట వింటాం. నేను ఒక్క మాట చెప్తే మీరు వినలేకపోయారా?" అంది. ఆ రోజు పరిశోధన లెక్కలోకి రాదని, ఇంకో రోజు పెట్టుకుందామని మాధవి చెప్పింది. ఇంకో రోజంటే సునీతకు ఇంకో సెలవు. మేం వెళ్తుంటే మాధవి ఆ కార్డును నిస్సీ సంచికి అతికించి, ఇంట్లో కూడా వాడమని ఇచ్చింది.

స్టేషన్ దాకా సునీత పాప చెయ్యి పట్టుకుని నాకు ముందుగా నడిచింది. అన్ని చెగోడీల ఉప్పుకు పాపకు దాహం వేసింది. నీళ్ల సీసా నా సంచిలో ఉంది. దాన్ని చూసి నిస్సీ గునిసింది. నేను మూత తిప్పబోయాను.

"ఆగండి" అంది సునీత. చాలాసేపటికి ఆమె నాతో అన్న మాట అదొక్కటే.

ఆగాను. తర్వాత సీసాను ఆమె చేతికిచ్చి నాలుగడుగులు వెనక్కి వెళ్లాను. ఆ రోజు నేను చేసిన సరైన పని అదే. అప్పుడే బస్సు వచ్చింది, డ్రైవరు మళ్లీ నిజామాబాద్ అతనే. "ఎక్కుతున్రా లేదా అన్నా?"

"నువ్వు పో తమ్ముడూ. పాప ఏదో అడగబోతోంది."

"అడగనీ అడగనీ. ఎనక ఇంకో బండి ఉన్నది" అంటూ వెళ్లిపోయాడు.

సునీత బెంచీ ముందు కూర్చుని సీసా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి చాపింది. నిస్సీ సీసాను లాగింది, కాలు నేలకేసి కొట్టింది. తర్వాత తన సంచి వైపు చూసి, కార్డును చర్రున పీకి తల్లి అరచేతిలో పెట్టింది. చెగోడీ బొమ్మ. పాప దగ్గరున్నది ఆ ఒక్క బొమ్మే. కళ్లు మాత్రం నీళ్ల మీద ఉన్నాయి. సునీత మూత తీసేలోపే ఏడ్చేసింది. ఫోన్‌లో చెబితే మాధవి, "ఇది నా లెక్కలో రాసుకోలేను గానీ, నీళ్ల బొమ్మ ఇప్పుడే చేస్తున్నా" అందట.

యెరికో దారి పక్కన కూర్చున్న గుడ్డివాడికి ఏం కావాలో ప్రభువుకు తెలియదా? తెలిసీ, నీకేం కావాలని అడిగాడు. ఎన్నో ప్రసంగాల్లో నేను వాడికి చూపు వచ్చిన చోటే గొంతు చించుకున్నాను. ఆ ప్రశ్న దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. అడిగే అవకాశం కూడా ఇవ్వాల్సిన వరమేనని నాకు నేర్పడానికి ఒక తల్లి సెలవు ఖర్చయింది. తర్వాతి ఆదివారం ఇదంతా అందరి ముందూ చెప్పి, ప్రసంగం లేకుండా కూర్చున్నాను. నిస్సీ ఇప్పుడు నా దగ్గరికి వస్తుంది. ముఖం చూడదు, వచ్చి జేబు తడుముతుంది. నేను కోరుకున్నది నాకు దక్కింది, తల ఎత్తలేకపోతున్నాను.

ఇలా పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఆ రోజు పాపకు ఏం పెట్టకూడదో ముందురోజే ఎనలిస్ట్‌ను అడగండి. అడిగి తెలుసుకున్నది తోడు వచ్చేవాళ్లకు చెప్పి ఊరుకోకండి, బస్సెక్కే ముందు వాళ్ల జేబులు వెతకండి. వాక్యం చెప్పేవాడైతే రెండుసార్లు వెతకండి.