యాకోబు తాగిన పాత్ర

1986. నర్సీపట్నంలో కుష్టు నివారణ విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా చేస్తున్నాను. సైకిలు మీద ఊళ్లు తిరిగి మచ్చలు చూడడం, మందులివ్వడం నా పని. కొయ్యూరు రోడ్డులో ఒక ఊరివాడు యాకోబు. అతనికి ఎండీటీ, అంటే రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స, పూర్తయింది. చెవితమ్మె దగ్గర చర్మం గీకి చూసే స్మియర్ పరీక్షలో క్రిములు లేవు. వంకరపోయిన వేళ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఊరికి కనిపించేవి అవే కదా!

రోగం పోయిందని చెబితే గంతేస్తాడనుకున్నాను. ముఖం వేలాడేశాడు.

"సర్చీలో నాకు యేరే గిన్నెట్టినారు బాబూ. అందులో నాను తాగను."

నెలకోసారి చర్చిలో ప్రభువు పేరిట తలా గుక్కెడు ద్రాక్షరసం తాగుతారట. నేను హిందువును, నాకీ సంగతి కొత్త. "అదే ద్రాక్షరసం కదయ్యా, గిన్నె ఏదైతేనేం?" అన్నాను.

"అలక్కాదు బాబూ. ప్రెబువు మాతో సేసుకున్న నిబందన అది. అందరికీ ఒకటే పాత్ర. యేరే గిన్నెలో పోస్తే నాను బయటోడినే గదా?"

దానికి నా సంచిలో మందు లేదు. చర్చి అయ్యగారిని, సంఘం పెద్దలను కూర్చోబెట్టి, ఇక అంటదని గొంతు పోయేలా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి ఒక పెద్దాయన రాజీ కుదిర్చాడు.

"అదే పాత్రలో తాగమనండి. కాకపోతే ఆకర్న. ఆడి తరవాత ఇంకెవులూ తాగరు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అయ్యగారు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "నిజంగా అంటదా అండీ? ఇంట్లో చంటిపిల్ల ఉంది" అన్నారు. ఆయన అడిగినందుకు నాకు కోపం రాలేదు.

యాకోబు రమ్మంటే ఆదివారం వెళ్లి వెనక చాప మీద కూర్చున్నాను. మగవాళ్లు, తరవాత ఆడవాళ్లు వరసగా మోకరించి తలా గుక్కెడు తాగారు. అందరి వెనకా యాకోబు. వంకర వేళ్లతో అంచు పట్టుకుని తాగాడు. పాత్రలో ఇంకా కొంత మిగిలింది.

పక్కనున్నాయన నా చెవిలో గొణిగాడు. "మిగిల్నాది పారబొయ్యకూడదండి. అయ్యగారే తాగాల. రాజీ సేసినోళ్లకి ఆ సంగతే తట్టనేదు."

అయ్యగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. యాకోబు మోకాళ్ల మీద నుంచి లేవలేదు, పాత్ర వంకే చూస్తున్నాడు. అయ్యగారు కళ్లు మూసుకుని పాత్ర ఎత్తారు. యాకోబు పెదవి తగిలిన వైపు నుంచే చివరి చుక్క దాకా తాగేశారు.

నాకు ఏడుపొచ్చింది. పైనెల నుంచి యాకోబు మగవాళ్ల వరసలో నడుమ మోకరిస్తున్నాడని విన్నాను.

రోగం పోయిందని పరీక్ష చెబుతుంది. ఊరు నమ్మాలంటే ఎవరో ఒకరు భయాన్ని దిగమింగాలి. అప్పటి నుంచి ఏ రోగి ఇంటికెళ్లినా, ఇరుగుపొరుగు చూస్తుండగా అతని చేతే మంచినీళ్లు తెప్పించుకుని తాగేవాణ్ణి. చెప్పడం ఆ తరవాతే.